కాగు దగ్గరికి ముందెవరు

పెడనలో భీమలింగం మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు చేతులు కడుక్కు రమ్మంటారు. జవాబు నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు. చెక్క అచ్చులతో బట్టలమీద పువ్వులు అద్దుతూ అరవై ఏళ్లు గడిపిన మనిషి, మాటల దగ్గర మాత్రం పరమ పిసినారి. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేమంతా జవాబు కోసం వెళ్లి మోచేతుల దాకా తడుపుకుని వచ్చినవాళ్లమే.

మాలో నాగసుధ బట్టల వ్యాపారం మొదలుపెట్టబోతోంది. పేరు ‘పొద్దు’. చొక్కా గుండెమీద సగం లేచిన సూర్యుడి గుర్తు, తనే గీసుకుంది. దుకాణం లేదు, సరుకు నిల్వ లేదు. ఎవరైనా ఫోన్లో చూసి కావాలంటే అప్పుడు హైదరాబాదులో ఒక ప్రెస్సువాళ్లు ఆ ఒక్క చొక్కా అచ్చువేసి, నేరుగా కొన్నవారి ఇంటికే పంపుతారు. శుక్రవారం ప్రారంభం. నమూనా చొక్కా తెప్పించుకుని చూడాలంటే ఇంకో పది రోజులు ఆగాలి, పెట్టుకున్న ముహూర్తం దాటిపోతుంది. చేస్తున్న ఉద్యోగం మానేసి దిగింది, ఊరంతా చెప్పుకుంది. అయినా లోపల ఏదో పీకుతూనే ఉంది. మంగళవారంనాడు మాస్టారి దగ్గరికి వచ్చింది.

“అడిగేదాకా ఆ చొక్కా లోకంలోనే లేదండి. లేనిదాన్ని ముందే చూసుకోకపోతే తప్పంటారా?”

అడిగాక పుట్టే చొక్కానా అని ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. యంత్రాన్ని ఈసడిస్తారనుకున్నాను. ముచ్చటపడ్డారు. తర్వాత మామూలే, చేతులు కడుక్కు రమ్మన్నారు.

కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ పరిచి, పటిక నీళ్లతో అద్దమన్నారు. ఎరుపు రావలసిన చోట మేం మొదట అద్దేది పటికే. అది పట్టిన చోటే తర్వాత రంగు నిలుస్తుంది. ఎక్కడ అద్దామో తెలియడానికి అందులో చిటికెడు రంగు కలుపుకుంటాం. ఆ రోజు ఆయన కలపనివ్వలేదు. అచ్చు దించితే తడి మరక, ఆరితే అదీ లేదు. మొదటి వరసలు సుధ ఊపిరి బిగబట్టి అద్దింది. పదో వరసకి శ్రద్ధ సడలింది. ఒకచోట అచ్చు సరిగా నొక్కలేదు, ఒకచోట వంకరగా దించింది. కనబడితే కదా అని నవ్వి, తడి వేళ్లు గుడ్డ అంచుకే తుడుచుకుంది. పక్కనే ఉన్నాను, నేనూ నవ్వాను.

గురువారం పొద్దున, కాలవలో జాడించిన ఆ గుడ్డని మాస్టారు రాగి కాగులో వేశారు. అందులో ఎరుపునిచ్చే చెట్టు వేళ్లు మరుగుతున్నాయి. కర్రతో తిప్పుతూ పోయారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక రేక. దాని పక్కన ఇంకోటి. ఉత్త గుడ్డలోంచి పువ్వులు ఒక్కొక్కటే పైకి వస్తుంటే ఇద్దరం కాగు మీదికి వంగిపోయాం. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ క్షణం నాకింకా అలవాటు కాలేదు. చేతులు వాటంతటవే దండం పెట్టబోతాయి.

ఆ వెనకే మిగతావీ వచ్చాయి. సగం పువ్వు వచ్చింది. వంకర తీగ వచ్చింది. అంచున సుధ వేలిముద్రలు నాలుగు, గీతలతో సహా, కుంకుమంత ఎర్రగా వచ్చాయి.

గుడ్డ చల్లారాక సుధ ఆ అంచుని సబ్బుపెట్టి రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దితే చుట్టుపక్కల తెలుపు తేరి, ముద్రలు మరింత స్పష్టంగా కనబడ్డాయి.

“ఇదంతా మొన్ననే ఉందా, మాస్టారూ?” అంది. తడి అంచు పిండుతూ, “రేపే ప్రారంభమండి,” అంది.

ఆయన కాగు కింది మంట ఎగదోస్తూ, “నీ చొక్కా కూడా ఈపాటికే ఉందమ్మా,” అన్నారు. “కాగు దగ్గరికి ముందు నువ్వు వెళ్తావో, కొన్నవాడు వెళ్తాడో చూసుకో.”