గంటిచ్చి ఫోను తెచ్చుకున్న ఎద్దు

ఏటి ఒడ్డున సన్యాసినాయుడి దొడ్డి ఉంది. దొడ్డిలో ఒక పాక, పాకలో రెండు కట్టుకొయ్యలు, ఒక్కటే ఎద్దు. ఆ ఎద్దు పేరు మైలన్న. రెండో కొయ్య పుల్లన్నది. ఇంటికి ట్రాక్టరు రాగానే నాయుడు పుల్లన్నను ఏటి అవతలి ఊరికి అమ్మేశాడు. ఎరువు బండి లాగడానికి ఒక్కడు చాలని మైలన్నను ఉంచుకున్నాడు.

కాడి కింద మైలన్నది ఎప్పుడూ ఎడమ పక్క, పుల్లన్నది కుడి పక్క. అందుకే పాకంతా ఖాళీగా ఉన్నా మైలన్న ఎడమవైపే సర్దుకుని పడుకునేవాడు. కుడివైపు పుల్లన్న పట్టేంత చోటు వదిలేవాడు. గడ్డి కూడా ఆ పక్క కొంచెం మిగిల్చేవాడు. పొద్దున్నే కోళ్ళొచ్చి ఆ గడ్డిని కెలికితే మాత్రం ఒళ్ళు మండేది.

ఇద్దరి మెడల్లోనూ ఒకే అచ్చులో పోసిన కంచు గంటలు ఉండేవి. పొద్దు వాలే వేళ మైలన్న ఏటివైపు తిరిగి తల ఊపేవాడు. రంకె వేస్తే ఏటి హోరులో కలిసిపోతుంది గాని, కంచు మోత హోరు మీదుగా తేలిపోయేది. కాసేపటికి అవతల నుంచి అదే మోత వచ్చేది. ఉన్నావా? ఉన్నాను. అంతే, ఇంకో ముక్క లేదు. జోడెడ్లలో ఒక ఆచారం ఉంది. జోడీ చచ్చిపోతే మిగిలిన ఎద్దు మెడలో గంట ఉంచుకోదు. అందుకని ఆ మోత చెవిన పడితేనే మైలన్న గుండె కుదుటపడేది.

కుదుటపడ్డాక ఇంకో బాధ మొదలయ్యేది. పుల్లన్నకి చెప్పాల్సినవి ఎన్ని లేవు! ట్రాక్టరు కంపు సంగతి, నాయుడి కాలు బెణికిన సంగతి, కొత్త తవుడు బొత్తిగా రుచి లేని సంగతి. గంటతో ఇవన్నీ ఎలా చెబుతాడు పాపం! అటూ ఇటూ తిరిగే కొంగ ఒకతి ఉంది గాని, ఏ కబురు చేతికిచ్చినా సగం దారిలో మర్చిపోయి, సొంత కబుర్లు కలిపి చెప్పేది. దాని మాట ఏ ఒడ్డునా చెల్లేది కాదు.

ఆ గంటకి ఇంకో పని కూడా ఉండేది. నక్క కోళ్ళగూటి దగ్గరికి వచ్చినప్పుడల్లా మైలన్న గంట మోగించేవాడు, నాయుడు కర్ర పట్టుకొచ్చేవాడు. నక్క వీపు మీద ఆ కర్ర గుర్తులు ఇంకా మాయలేదు.

ఒకరోజు మేతకు వెళ్ళిన మైలన్నకు జీడితోట పక్కన రెండు కొత్త దుకాణాలు కనిపించాయి. మధ్యలో ఒక తడిక. ఇటు నక్క, అటు కోతి.

"రా బావా, రా! నీడకి రా. మొహం అలా వాడిపోయిందేంటి?" అంది నక్క.

మైలన్న అనుమానంగా చూశాడు. "నువ్వు కోళ్ళ నక్కవి కదూ?"

"ఆ పాడుపని ఎప్పుడో మానేశాను బావా. ఫోన్ల వ్యాపారంలో దిగాను. కోళ్ళు తినేవాడికి ఇలాంటి చొక్కా ఉంటుందా, నువ్వే చెప్పు."

చొక్కా నిజంగానే శుభ్రంగా ఉంది. మైలన్న మెత్తబడింది మాత్రం చొక్కా చూసి కాదు. తనని వరస కలిపి ఎవరైనా పిలిచి చాలా కాలమైంది.

"ఇది చూడు, మెరుపు ఫోను. చుట్టూ ఉక్కు అంచు. ఏనుగు తొక్కినా కిర్రుమనదు" అంది నక్క.

తడిక మీదుగా కోతి తల పెట్టింది. "తొక్కించుకోడానికి కొంటారా ఎవరైనా? ఆ ఇనప ముక్క మెడకి కట్టుకుంటే మెడ విరుగుతుంది అన్నా. ఇటు రా. ఇది వెన్నెల ఫోను. వెనక మూడు కళ్ళు, ముందొక కన్ను. ఏటి అవతల చీమ నవ్వినా కనపడుద్ది."

"చీమ నవ్వు నువ్వు చూసుకో. మా మెరుపుకి ఒకసారి కరెంటు పెడితే వారం దాకా ఆకలనదు."

"వారమంతా బతికి ఏం చేస్తది, గుడ్డిది!"

"నోరు అదుపులో పెట్టుకో కోతీ!"

"ముందు నీ తోక అదుపులో పెట్టుకో!"

ఇద్దరూ తడిక ఊడేలా కొట్లాడుకున్నారు. మైలన్న బెదిరిపోయి మధ్యలో మెల్లిగా అడిగాడు. "అది కాదు గాని, దీంట్లో మా పుల్లన్న మాట వినపడుతుందా?"

"మాటేంటి బావా, నెమరేసే చప్పుడు కూడా" అంది నక్క.

"మొహం కూడా కనపడుద్ది" అంది కోతి.

ఆ రోజు నుంచి మైలన్నకు నెమరు సాగలేదు. మెరుపా, వెన్నెలా? పొద్దున మెరుపు బాగుండేది. మధ్యాహ్నానికి వెన్నెల బాగుండేది. మేకని సలహా అడిగాడు. మేక రెండు దుకాణాలకీ వెళ్ళి, రెండు అట్టపెట్టెలూ నమిలి చూసి, "వెన్నెల పెట్టె కొంచెం కమ్మగా ఉంది మావా" అని తేల్చింది.

కొంగని అడిగాడు. "ఆ రెండు దుకాణాలకీ ముందువైపే తడిక మావా. పైనించి చూశాను, వెనకాల ఒకే చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు" అంది కొంగ.

"నీ కబుర్లు ఎప్పుడూ ఇంతే" అని విసుక్కున్నాడు మైలన్న. నిజం చెప్పిన రోజున కూడా దానికి మర్యాద దక్కలేదు. అలిగి, అవతలి ఒడ్డున దుక్కులు మొదలయ్యాయని ఎగిరిపోయింది.

చివరికి మైలన్న మెరుపు వైపు మొగ్గాడు. ఉక్కు అంచు తన కాలి కిందా బతుకుతుందని ధైర్యం.

"మంచి బేరం బావా. ఊరికే ఇస్తున్నాను. ఆ మెడలో గంట ఒక్కటి తీసిచ్చెయ్. గంట పక్కన మోగుతుంటే ఫోనుకి చెవుడొస్తుంది" అంది నక్క.

"వెన్నెలకైనా అంతే అన్నా. గంట పనికిరాదు" అంది కోతి.

మొదట్నించీ అన్నిటికీ కొట్టుకున్న ఇద్దరూ ఆ ఒక్క మాట మీద కలిశారు. మైలన్న అది గమనించలేదు. పుల్లన్న గొంతు వినబోతున్నానన్న సంబరంలో మెడ వంచాడు. నక్క గంట విప్పుకుని, అదే చోట తాడుతో ఫోను వేలాడదీసింది.

ఆ సాయంత్రం మైలన్న ఫోను ముందు మొహం పెట్టాడు. అది ఆయన మొహం గుర్తుపట్టి తలుపు తీసుకుంది. ట్రాక్టరు వచ్చాక ఆ దొడ్డిలో తన మొహం గుర్తుపట్టింది ఇదొక్కటేనని మైలన్నకు కళ్ళు చెమర్చాయి. మూతితో పొడిస్తే ఎక్కడెక్కడి ఎడ్లో కనిపించాయి. పందెపు ఎడ్లు, పూలదండల ఎడ్లు, పాటలకి తల ఊపే ఎడ్లు. పుల్లన్న మాత్రం కనిపించలేదు.

పొద్దు వాలింది. ఏటి అవతల గంట మోగింది. మైలన్న అలవాటుగా తల ఊపాడు. చప్పుడు కాలేదు. "పుల్లన్నా! ఇదిగో, ఇందులోకి మాట్లాడు!" అని ఫోనులోకి అరిచాడు. అవతల గంట మళ్ళీ మోగింది, ఈసారి చాలాసేపు. మర్నాడు కూడా మోగింది. ఆ తర్వాత ఆగిపోయింది.

మైలన్న నక్క దగ్గరికి వెళ్ళాడు. "మావాడు పలకడం లేదయ్యా."

"అందరూ అంతే బావా. కొత్త ఊరు, కొత్త స్నేహాలు. నీతో మాట్లాడే తీరిక ఎక్కడిది?" అంది నక్క పళ్ళు కుట్టుకుంటూ. దాని చొక్కా మీద చిన్న ఈక అంటుకుని ఉంది.

వెన్నెల కొని ఉంటే పలికేవాడేమో అని మైలన్న కుమిలిపోయాడు. పాకలో ఎడమ పక్కన పడుకుని కుడిపక్క గడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు. కోళ్ళు ఆ గడ్డి కెలకడానికి రావడం కూడా తగ్గిపోయింది. ఎందుకు తగ్గిందో ఆయనకి తట్టలేదు. కోళ్ళకి కూడా తాను అక్కర్లేదనుకున్నాడు.

కొన్నాళ్ళకి, పొద్దు వాలుతుండగా, కొంగ వచ్చి దొడ్డి గోడ మీద వాలింది. మైలన్నను చూసి ఉలిక్కిపడింది.

"మావా! నువ్వు బతికే ఉన్నావా!"

"అదేం మాటే?"

"అవతల పుల్లన్న మావ నువ్వు పోయావనుకున్నాడు. నీ గంట వినపడలేదుగా. మెడ తాడు కొయ్యకేసి రాసి రాసి తెంపుకున్నాడు. ఆయన గంట బురదలో పడి ఉంది. ఇన్నాళ్ళూ కుడిపక్కన పడుకునేవాడా, ఇప్పుడు పాక నడిమధ్యన పడుకుంటున్నాడు."

మైలన్న గోడ దాకా వచ్చాడు. "నేను ఫోనులో ఎంత పిలిచానో తెలుసా? పలికితేగా!"

కొంగ మెడ వంకర పెట్టి చూసింది. "పుల్లన్న మావకి ఫోనుందా?"

మైలన్న మెడలోని ఫోను వైపు చూసుకున్నాడు. మెరుపా వెన్నెలా అని అన్నాళ్ళు కొట్టుకున్నాడు గాని, ఆ ఒక్క మాట నక్కనీ అడగలేదు, తననీ అడుక్కోలేదు.

"నేను వెళ్ళి చెప్పనా, నువ్వున్నావని?"

"నువ్వు చెబితే నమ్మడే తల్లీ. గంట వినాలి." మైలన్న జీడితోట వైపు పరుగెత్తాడు. ఆ శరీరానికి అది పరుగు కాదు, అయినా పరుగెత్తాడు.

దుకాణంలో నక్క లేదు. కోతి ఒక్కతే గంటని తిరగేసి పట్టుకుని అందులో టీ తాగుతోంది. "ఇదా అన్నా? పట్టుకుపో. టీకి కూడా బరువే. నాలుక మాత్రం అడక్కు, ఏట్లో పడేశాం" అని పకపకా నవ్వింది.

నిజమే, గంటలో నాలుక లేదు. ఎంత ఊపినా గాలే. మైలన్న గంట తాడు కొమ్ముకి తగిలించుకుని ఏటి ఒడ్డుకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా నీళ్ళు హోరుమంటున్నాయి. ఏడుపొచ్చింది. తల వాల్చి ఏడ్చాడు. తల వాలినప్పుడు మెడలో ఫోను వచ్చి గంటకి తగిలింది.

ఠంగ్!

మైలన్న ఆగిపోయాడు. "ఏమే, ఈ ఫోను తాడు ముక్కుతో ముడెయ్యగలవా? గంట లోపల?"

కొంగ తంటాలు పడి ముడేసింది. సగం లోపల, సగం బయట, ఫోను గంట నాలుకై వేలాడింది. మైలన్న దాన్ని మెడకి దింపుకుని తల ఊపాడు. ఉక్కు అంచు కంచుకి తగిలి మోగింది. మోత పాతది కాదు, కాస్త బొంగురు. దరువు మాత్రం పాతదే, ఇద్దరూ కాడి కింద నడిచిన నడక.

దొడ్డిలో నాయుడు ఆ మోత విని అలవాటుగా కర్ర తీసుకుని బయటికొచ్చాడు. అప్పుడే కోళ్ళగూట్లో తల దూర్చిన నక్క వెనక్కి తీసుకునేలోపు పని అయిపోయింది. చొక్కా గూటికే వదిలేసి, కుంటుకుంటూ తోట దాటి, కోతితో సహా ఆ పొలిమేరల్లో మళ్ళీ కనిపించలేదు.

మైలన్నకు అదేమీ పట్టలేదు. చెవులు రిక్కించి ఏటి అవతలికే చూస్తున్నాడు. మోగించాడు, ఆగాడు, మళ్ళీ మోగించాడు. జవాబు రాలేదు. ఎలా వస్తుంది, అవతలి గంట బురదలో ఉంది. ఫోను అద్దం పగిలి, లోపలి వెలుగు ఆరిపోయినా, చీకటి పడేదాకా అలా మోగిస్తూనే ఉన్నాడు.

తెల్లారాక కొంగ అవతలికి వెళ్ళి వచ్చింది. ఈసారి ఏమీ కలపలేదు.

"మాటైతే ఏమీ అనలేదు మావా. రాత్రి నీ మోత విని లేచాడంట. పాక నడిమధ్య నుంచి జరిగి, కుడిపక్కకి వెళ్ళి పడుకున్నాడు. ఎడమపక్క గడ్డి ముట్టుకోలేదు."

 మైలన్న తన పాకలోకి వెళ్ళి, కుడిపక్కన చెదిరిన గడ్డిని మూతితో సర్దాడు.

నీతి: ఏ ఫోను మేలని అడిగే ముందు, అవతల వినేవాళ్ళు దేంతో వింటారో అడుగు.