తిన్నావా అని అడిగే బండి

ఇటు తిరుగు అమ్మడూ, కాళ్ళు ముడుచుకో. మధ్యలో ప్రశ్నలేశావంటే ఎర్రజెండా చూపించి కథ ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, అక్కడ ఊరే లేదు. ఒక వాగు, దాని మీద రైలు వంతెన, పక్కన రేకుల పాక. ఆ పాకలో గంగులని ఒక కాపలా మనిషి. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. పలకరిద్దామన్నా వాగులో కొంగలు తప్ప దిక్కు లేదు పాపం.

ఒక ఏడు వరదొచ్చి వంతెన పక్క గట్టు మెత్తబడింది. అప్పుడు రైలువాళ్ళు ఒక కట్టడి పెట్టారు. ఎంత గొప్ప బండైనా సరే, గంగులు పాతిన ఎర్రజెండా ముందు ఆగి తీరాలి. గంగులు పుస్తకం అందిస్తే డ్రైవరు సంతకం పెట్టాలి. ఆ తర్వాత గంగులు పచ్చజెండా చూపిస్తే, మనిషి నడిచినంత మెల్లగా వంతెన దాటాలి.

పొద్దుటి బండి డ్రైవరు పేరు లాజరు. సంతకం పెడుతూ రోజూ ఒకటే అడిగేవాడు.

"గంగులూ, తిన్నావా?"

"తిన్నానయ్యా."

"ఏం కూర?"

"చింతచిగురు పప్పయ్యా."

అంతే. ఆ నాలుగు ముక్కల కోసం గంగులు పెందలాడే లేచి పొయ్యి రాజేసేవాడు. అంతకుముందు, ఒక్కడికీ ఏం వండుకుంటాంలే అని ఎన్ని పూటలు పస్తు పడుకున్నాడో.

మూడు నెలలకి గట్టు గట్టిపడింది. గట్టు దిగుతోందో లేదో తెలియడానికి కొట్టిన గుర్తు మేకు వారం నుంచీ కదల్లేదు. అప్పుడు ఇంజనీరు గారొచ్చి, "రోజూ చూసేవాడివి నువ్వు. గట్టు ఇంకా దిగుతోందా?" అని అడిగాడు.

పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి. "వేలెడు దిగుతోందయ్యా," అన్నాడు. ఇంజనీరు గారు నమ్మి, ఇంకో నెల ఆపమన్నాడు.

ఆ తర్వాత రెండ్రోజులకి, ఆగిన బండిలో కిటికీ పక్కన ఒక తల్లి. ఒళ్ళో పసివాడు.

"ఎందుకాపారు నాయనా? పిల్లాడి ఒళ్ళు సలసల కాగిపోతోంది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

గట్టు మెత్తన తల్లీ అనబోయాడు. అనలేక, పుస్తకం పట్టుకుని ఇంజను దగ్గరికి పరిగెత్తాడు. లాజరు ఏదో అడగబోతుంటే, "ముందు పోనియ్యండయ్యా," అన్నాడు.

పిల్లాడికి తగ్గిందా అని అడక్కు. గంగులుకీ తెలీదు. బండిలో పోయినవాళ్ళ కబురు గట్టు మీదవాడికి ఎవరు చెప్తారు?

కాపలా వదిలి కదలకూడదు కదా. అందుకని గంగులు ఆ బండి గార్డు చేతే కబురు పెట్టాడు. "గట్టు దిగట్లేదు, నేనే అబద్ధమాడాను," అని. ఇంజనీరు గారొచ్చి మేకు చూశాడు, చీవాట్లు పెట్టాడు. ఎందుకాడావురా అంటే గంగులు ఏం చెప్తాడు, ఒంటరిగా ఉందనా?

మొదట ఆగడం తీసేశారు. బండి మెల్లగా సాగిపోయేది. లాజరు ఇంజనులోంచి "తిన్నావా?" అంటే, గంగులు చెప్పే కూర పేరు మధ్య పెట్టెల్లోవాళ్ళు వినేవాళ్ళు. ఆ తర్వాత ఇంకాస్త వేగం పెంచారు. ప్రశ్న ఇంజనులోంచి వస్తే, జవాబు ఆఖరి పెట్టెలో గార్డుకి చేరేది. గార్డు నవ్వుకునేవాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం, వేగం తగ్గించమనే బోర్డుని గంగులే తన చేతుల్తో పీకేశాడు.

మర్నాడు గంగులు పొయ్యి రాజెయ్యలేదు. ఎవరడుగుతారులే అనుకున్నాడు. పచ్చజెండా పట్టుకుని గట్టు మీద నించున్నాడు.

బండి ఈదురుగాలిలా వచ్చింది. లాజరు మొహం కూడా సరిగ్గా కనబడలేదు. కానీ ఇంజను మూడు కూతలు కూసింది, కూ... కూ... కూ. లాజరు అంతకుముందు అక్కడ ఎప్పుడూ అలా కుయ్యలేదు.

గంగులు జవాబు చెప్పలేకపోయాడు. తినలేదు కదా మరి.

బండి పోయింది. పట్టాల హోరు తగ్గింది. అప్పుడు గంగులు పాకలోకెళ్ళి పొయ్యి రాజేశాడు. అన్నం వండుకుని, ఒక్కడే కూచుని తిన్నాడు. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, ఖాళీ పట్టాల వైపు తిరిగి, "తిన్నానయ్యా," అన్నాడు.

కథ ఎక్కింది కంచి బండి,
నువ్వు పడుకో బొజ్జ నిండి.