బెట్టుడుతలు ఎక్కని తాడు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. నడిమధ్యన తారురోడ్డు వేసి దాన్ని రెండు ముక్కలు చేశారు.

చిన్న ముక్కలో కొన్ని బెట్టుడుతలు చిక్కుకుపోయాయి. పిల్లి అంత ఒళ్ళున్న పెద్ద ఉడుతలవి. వాటికో కట్టుబాటు ఉంది. చచ్చినా నేల మీద కాలు పెట్టవు, కొమ్మ మీంచి కొమ్మకే దూకుతాయి. రోడ్డు మీద కొమ్మలెక్కడివి? ఇటువి ఇటే, అటువి అటే ఉండిపోయాయి. ఇటువైపువన్నీ ఒక్క అవ్వ సంతానమే. మనవరాలు చిగురుకి ఈడొచ్చింది. పెళ్ళి చేద్దామంటే చుట్టూ అన్నదమ్ములే!

ఒకరోజు అడవిశాఖ వాళ్ళొచ్చి, ఇటు చెట్టుకీ అటు చెట్టుకీ లావుపాటి తాడు కట్టారు.

"చెట్లు నరికినవాళ్ళు మనకి దారి వేస్తారా? అది ఉచ్చు! ఎవరూ తాకకండి," అంది అవ్వ.

మొదట ఒక కొండముచ్చు తాడు పట్టుకుని దాటొచ్చింది. "గట్టిగా ఉందవ్వా, రండి," అంది.

"నీకు వాళ్ళు అరటిపళ్ళు పెడతారుగా! నువ్వు వాళ్ళ తరఫే," అంది అవ్వ.

తర్వాత ఒక గోరింక వచ్చింది. "అటు మేడిచెట్లు విరగకాశాయి. మీవాళ్ళు బోలెడుమంది ఉన్నారు," అంది.

"రెక్కలున్నదానివి, మా దారి సంగతి నీకెందుకు? నిన్నెవరు పంపారు?" అంది అవ్వ.

చివరికి అటువైపు నుంచి ఒక కుర్ర బెట్టుడుతే వచ్చాడు. "అవ్వా, నా పేరు మద్ది. చిగురుని నాకిస్తావా?" అన్నాడు.

చిగురుకి ఎంత సంతోషమో! అవ్వ మాత్రం వాడి ఒళ్ళంతా వాసన చూసింది.

"మనుషుల తాడు కంపు కొడుతున్నాడు! వీణ్ణి ఎరగా పంపారు. తరమండి!"

కరిచి మరీ తరిమారు పాపం. నాకైతే ఆ అవ్వ మీద ఒళ్ళు మండిపోతుంది!

తాడు కట్టినవాళ్ళు ఎన్నోసార్లు వచ్చి చూశారు. ఇటువైపు ఉడుత ఒక్కటీ తాడెక్కలేదు. "వీటికి అక్కర్లేనట్టుంది," అనుకుని విప్పుకుపోయారు.

ఆ ఎండాకాలం చిన్న ముక్కలో చెట్లు మాడిపోయాయి. తిండి లేక ఒక్కొక్కరే పోయారు. అవ్వా, చిగురూ మిగిలారు. రోడ్డు అవతల నుంచి ఉడుతపిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"తప్పు చేశానే తల్లీ. ఆ మద్దిని పిలవవే," అని ఏడ్చింది అవ్వ.

"పిలిస్తే మాత్రం దేని మీద నడిచొస్తాడవ్వా?" అంది చిగురు.



నీతి: అనుమానం వస్తే పరీక్షించి చూసుకోవాలి, చూడకుండానే దారి వద్దనుకుంటే, ముక్కలైన చోట ఒంటరిగా అంతరించిపోతాం.