నోరు మెదపకూడని పరుగు

తొమ్మిది కొండల నడుమ, అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కార్చిచ్చు కబురు మోసే పని ఒకటి ఉండేది. నిప్పు కనబడగానే కొండకొండకూ పరిగెత్తి అందరికీ చెప్పాలి. పోయిన వేసవిలో కార్చిచ్చు రేగినప్పుడు ఆ పని చేసే ముసలి దుప్పి సగం దారిలోనే చతికిలబడింది. కబురు అందక, చివురి అనే కొండగొర్రె వాళ్ల అమ్మ ఆ మంటల్లోనే పోయింది. అందుకే ఈసారి ఆ పని తనకే కావాలని చివురి పంతం పట్టింది.

పనికి పరీక్ష ఉంది. తొమ్మిది కొండలూ ఒంటరిగా, మూడు రోజుల్లో చుట్టి రావాలి. ఆ మూడు రోజులూ ఎవరితోనూ మాట్లాడకూడదు. చూడండర్రా ఈ విడ్డూరం! కబురు చెప్పే పనికి నోరు మూసుకోవడం పరీక్షట!

"ఎందుకు తాతా?" అని చివురి అడిగింది.

"తాతల నాటి కట్టుబాటు. అంతే," అన్నాడు అడవికి పెద్ద అయిన ఎలుగు తాత.

ఆ పనికి గుంటనక్క కూడా పోటీకొచ్చింది. పొద్దున్నే ముందుగా అది బయలుదేరింది. కాస్త పొద్దెక్కాక చివురిని వదిలారు.

మొదటి రోజు కోతులు, "గొర్రెకి కొండలెందుకమ్మా, గడ్డి మేసుకోక!" అని ఎకసెక్కాలాడాయి. చివురికి ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టి పరిగెత్తింది.

రెండో రోజు గిట్టలు చిట్లి నెత్తురొచ్చింది. "కాసేపు కూర్చోవే, ఎందుకే ఈ పాట్లు?" అని అడవికోడి బతిమాలింది. చివురికి ఏడుపొచ్చింది. తల అడ్డంగా ఊపి ముందుకు సాగింది.

మూడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి కొండ ఎక్కింది. దిగితే పరీక్ష నెగ్గినట్టే. అంతలో ఎండుగడ్డిలోంచి పొగ లేచింది. ఆ పక్క బొరియలోనే ఏదుపంది పిల్లలతో ఆదమరచి నిద్రపోతోంది. దారిలో నక్క అడుగులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. చూసి కూడా పోయిందా! చివురికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వదినా, లే! నిప్పు! పిల్లల్ని తీసుకుని వాగులోకి పరిగెత్తు!" అని గొంతు చించుకుని అరిచింది. ఒక్కో బొరియ దగ్గరా ఆగి అరిచింది.

కుంటుకుంటూ కిందికి చేరేసరికి నక్క మెడలో పూలదండ ఉంది.

"దారిలో మాట్లాడావా?" అని ఎలుగు తాత అడిగాడు.

"మాట్లాడాను. నిప్పంటుకుందని చెప్పాను."

"అయితే ఓడిపోయావు. కట్టుబాటు కట్టుబాటే."

"ఏం కట్టుబాటు తాతా అది?" చివురి కోపంతో మండిపడింది. "కబురు చెప్పేవాళ్లు కావాలని పరీక్ష పెట్టారు. కబురు చెప్పానని ఓడిపోయావంటారా? మీకు సిగ్గనిపించడం లేదా? పొగ చూసిందో లేదో ఆ నక్కను అడగండి!"

నక్క దండ సర్దుకుంది. "చూడకేం, చూశాను. అయినా నోరు మెదిపానా? నిష్ఠంటే నాది!"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడే ఏదుపంది వచ్చింది. దాని ముళ్లు కాలి కమురు వాసన కొడుతున్నాయి. వెనక నాలుగు పిల్లలూ ఉన్నాయి.

"చూసి పోయావా?" అని అది నక్కను నిలదీసింది. "నా పిల్లలు నీ కంటికి ఆనలేదా?"

ఎలుగు తాత తలదించుకుని నక్క మెడలోంచి దండ తీశాడు. చివురికి వేయబోయాడు. చివురి వెనక్కి జరిగింది.

"ముందు ఆ కట్టుబాటు తీసెయ్యి తాతా. లేకపోతే వచ్చే ఏడూ ఒకరు పొగ చూసి నోరు మూసుకుంటారు."

తాత అందరి ముందూ దాన్ని తీసేస్తున్నట్టు చెప్పేదాకా చివురి మెడ వంచలేదు.

నీతి: పక్కవాళ్ల ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోరు మూసుకోమనే కట్టుబాటును తెంచి తీరాలి.