ఐదు కంపెనీల ఉరుకుందు

ఇరవై రెండేళ్ళు కుస్తీ పట్టాక కూడా తాను కుస్తీవాడో కాదో ఉరుకుందుకు తెలియలేదు. ఊరికి మాత్రం బాగా తెలుసు. కానీ ఊరినెవరడుగుతారు?

టీవీలో కుస్తీలు చూపించే కంపెనీలు ఐదింటిలో అతను పనిచేశాడు. బెంగుళూరు కంపెనీలో అతని పేరు నల్లత్రాచు. మొహానికి నల్ల ముసుగు. ఊళ్ళో ఎవరూ పోల్చుకోలేదు. వాళ్ళమ్మ మాత్రం మోకాళ్ళు చూసి గుర్తుపట్టి, వీడికి అక్కడ అన్నం సరిగా పెట్టడం లేదని అంది. జలంధర్ కంపెనీలో రాక్షసుడు. అక్కడ మూడేళ్ళపాటు ప్రతి శనివారం ఓడిపోయాడు, ఒక్క సెలవు పెట్టకుండా. దుబాయి కంపెనీవాళ్ళు మీసం అంటించి మహారాజును చేశారు. ఆ మీసం ఒకనాడు పోటీ మధ్యలో ఊడి అవతలివాడి భుజానికి అంటుకుంది. జపాన్‌లో ఏనుగు. బొంబాయి కంపెనీ ఏ పేరూ పెట్టలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ చేతిలో మూడు నిమిషాల్లో పడిపోవడం అక్కడ అతని పని. కిందటేడు ఆ పని కూడా ఇంకొకడికి ఇచ్చేశారు.

నలభై మూడేళ్ళ వయసులో ఊరికి తిరిగొచ్చాడు. అతనికి కుస్తీ నేర్పిన మాబుసాబు వస్తాదు ముసలివాడైపోయాడని, తన తర్వాత కుస్తీ నేర్పే ఆ తాలీం నడిపేవాడికి పాగా చుట్టాలని చూస్తున్నాడని విన్నాడు. ఆ పాగా తనకు కావాలి. వస్తాదు కాదంటే ఇంకొక్క దారే ఉంది. కర్నూలులో ఒక హోటలువాళ్ళు పిల్లల పుట్టినరోజు పండగలకు ముసుగేసుకుని గెంతమని పిలుస్తున్నారు.

పొద్దున్నే సంచి భుజాన వేసుకుని తాలీంకు పోయాడు. అప్పుడే తవ్వి, మజ్జిగా పసుపూ కలిపిన ఎర్రమట్టి గోదాలో మెత్తగా ఉంది. గట్టు మీద వస్తాదు కూర్చుని ఉన్నాడు. గోడ మీద మామూలుగా కూర్చునే నలుగురూ కూర్చున్నారు. వాళ్ళకు వేరే పనులున్నాయని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఉరుకుందు వస్తాదు కాళ్ళకు మొక్కి, కంపెనీల్లో గెలిచినందుకు ఇచ్చిన మూడు బెల్టులు సంచిలోంచి తీసి ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ పళ్ళెమంత బిళ్ళతో ఉంది.

వస్తాదు ఒకటి అందుకుని ఎండకు అటూఇటూ తిప్పాడు. "బాగా మెరుస్తాంది," అన్నాడు.

"ఉరుకుందన్నా," గోడ మీదినుంచి సోడాల లక్ష్మన్న అడిగాడు, "అది నా లుంగీకి సరిపోతాదా?"

ఉరుకుందు అటు చూడలేదు. "జనమంతా అది నాటకమంటారు వస్తాదూ. నా భుజం రెండుసార్లు ఊడింది. నాలుగు పళ్ళు లేవు. నాటకంలో పళ్ళు పోతాయా?"

"దెబ్బలు తగల్లేదని ఎవరన్నార్రా?"

"అయితే నేను కుస్తీవాణ్ణేనని మీ నోటితో ఒక్కమాట అనండి. ఆ పాగా నాకు చుట్టండి. చచ్చేదాకా ఈ పిల్లలకు నేర్పుకుంటా ఉంటా."

వస్తాదు బెల్టును జాగ్రత్తగా సంచి మీద పెట్టాడు.

"జిల్లా పోటీలో ఆ పొద్దు నీ పేరు మూడుసార్లు పిలిచినారు."

ఉరుకుందు తల వంచుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ పోటీకి వస్తాదే అతని పేరు రాయించాడు. తెల్లారితే కుస్తీ అనగా, అతను ఎవరికీ చెప్పకుండా బెంగుళూరు బస్సెక్కాడు. అవతల ఉన్నది బళ్ళారివాడు. వాడి మీద గెలుస్తాడో ఓడుతాడో ఎవరూ చెప్పలేకపోయారు. కంపెనీవాళ్ళు మాత్రం మొదటి పోటీలోనే గెలుస్తావని ముందే రాసిచ్చారు.

"తర్వాతేమైంది?" నెమ్మదిగా అడిగాడు.

"ఏమయ్యేది? నేను లేచి, మావాడు లేడు అని చెప్పినా."



వస్తాదు చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. డెబ్భై ఆరేళ్ళ వొళ్ళు, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. వంగి మట్టి తాకి, నుదుటికి అద్దుకుని, గోదాలోకి దిగాడు.

"దిగు," అన్నాడు.

ఉరుకుందు దిగాడు. దిగుతూనే, టీవీలో జనానికి చూపించినట్టు, రెండు చేతులూ పైకెత్తి నాలుగు వైపులా తిరగబోయాడు. మట్టికి మొక్కలేదన్న సంగతి మూడు వైపులా తిరిగాక గుర్తొచ్చింది. సిగ్గుపడుతూ వంగి మొక్కాడు.

వస్తాదు అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఉరుకుందు గాల్లోకి లేచి, ఒక మెలిక తిరిగి, వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ అరచేత్తో నేలను గట్టిగా చరిచాడు. కంపెనీల్లో కింద చెక్కలుంటాయి, ఆ చరుపుకు హాలంతా దద్దరిల్లుతుంది. ఇక్కడ మట్టి చప్పుడే చెయ్యలేదు.

వస్తాదు వంగి చూశాడు. "నేనింకా లాగలేదురా."

లక్ష్మన్న నవ్వబోయి, వస్తాదు మొహం చూసి మానుకున్నాడు.

"అలవాటు, వస్తాదూ. ఎవరన్నా చెయ్యి పట్టుకుంటే చాలు..." ఆ మాట పూర్తి చెయ్యలేక ఉరుకుందు లేచాడు. "ఇంకొక్కసారి పట్టండి. ఈసారి పడను."

ఈసారి వస్తాదు అతని మెడ వెనక చెయ్యి వేసి, నుదురుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఉరుకుందు కాళ్ళు ఎడంగా పెట్టుకున్నాడు. నిజంగానే పడలేదు. వస్తాదు కదల్లేదు. అతనూ కదల్లేదు. ఎండ గోదా సగానికి వచ్చింది. ముసలాయన ఊపిరి చెవి పక్కన వినిపిస్తోంది.

కంపెనీల్లో ఇలా తలలు కలిసినప్పుడే, జనానికి కనబడకుండా, తర్వాత చెయ్యబోయేది ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు. నన్నెత్తు, కుడివైపు పడతా. లేదా, గుద్దు, నేను తూలతా. ఐదు కంపెనీల్లోనూ అంతే. ఉరుకుందు ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాడు. తాను ఎదురు చూస్తున్నట్టు అతనికి తెలియదు.

ఎంతసేపటికీ మాట రాలేదు. చివరికి పెదాలు కదపకుండా, తనే గుసగుసగా అడిగాడు.

"ఇప్పుడేం చేద్దాం వస్తాదూ?"

వస్తాదు పట్టు వదల్లేదు.

"నాకెట్ల తెలుస్తుందిరా? నువ్వేం చేస్తావో చూద్దామనే కదా నిలబడినా."

ఉరుకుందుకు ఏ కాలు ముందు వెయ్యాలో తోచలేదు.