ముందు తినే మాత్ర

తెల్లవారి రెండు గడియలైంది. ముసురు పట్టి ఉంది, గాలి లేదు. వసారాలో కల్వం ముందు కూర్చున్న సూరాంబ నూరే చెయ్యి ఆపి, తల వంచుకునే అడిగింది.

"మామగారూ, అంత నొప్పికి ఇంత చిన్న మాత్రా?"

పానకాల వైద్యులు ఆమెకు మామగారే కాదు, గురువు కూడా. కొడుకు పోయిన ఏడాది, గోడవైపు తిరిగి పడుకున్న కోడలి ముందు ఈ కల్వమే తెచ్చి పెట్టి, "దుఃఖాన్ని నూరలేవు గానీ కరక్కాయ నూరగలవు, లే తల్లీ" అన్నారు. అది పదకొండేళ్ళ కిందటి మాట. అడిగినదానికి అప్పటికప్పుడు బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ పూటా చెప్పలేదు. "రెండు గురిగింజల ఎత్తు. అంతకు మించనివ్వకు" అని స్నానానికి లేచారు.

నొప్పి కొండమీది కోటలో ఉంది. జగ్గరాయ దొర కుడికాలి బొటనవేలు నేరేడుపండులా కమిలి వాచింది. దుప్పటి తగిలినా కేకే, ఈగ వాలినా కేకే. దానికి తోడు కడుపుబ్బరం, పులితేన్పులు. అయినా పూటపూటా వేటమాంసం మానడు, సారా మానడు. సూరాంబ కొడుకులు వల్లభుడు, చెన్నుడు తాతయ్య వెంట నాలుగు రోజులు మందు మోసుకుపోయారు. అయిదోనాడు దొర వాళ్ళను తిరిగి రానివ్వలేదు.

"నా కాలు నేల తాకేదాకా వీళ్ళ కాళ్ళు కోట దాటవు. పౌర్ణమికి నేను నడవాలి. నడవలేదా, ఇద్దరినీ బురుజు మీదినుంచి దింపిస్తాను. మెట్లమీదుగా కాదు" అని కబురు పంపాడు.

పౌర్ణమి ఇంక నాలుగు రోజులు.

మందు, బందరు రేవులో ఓడలనుంచి దిగే సురంజాను దుంప. అక్కడి హకీము ఒకాయన స్నేహంకొద్దీ పానకాల వైద్యులకు నేర్పిన చేదు అది. కీళ్ళ పోటును చప్పున లాగేస్తుంది. మోతాదు మించితే పేగుల్నీ లాగేస్తుంది. సూరాంబకు అదంతా కంఠస్థమే. త్రాసులో రెండు గురిగింజలు వేసింది. చెన్నుడు చిన్నప్పుడు అటకెక్కి దిగలేక ఏడ్చిన పిల్లవాడు. ఆమె చెయ్యి మరో రెండు గింజలు వేసింది.

అలా తూచి రెండు మాత్రలు చుట్టింది. కోటకు ఎప్పుడూ రెండే వెళ్ళాలి. రెండోది ఎందుకో చేతులకు గుర్తుంది గానీ, ఆ పూట మనసుకు లేదు.

"నేనూ వస్తాను" అంది. మామగారు ఆమె ముఖం చూసి, వద్దనలేదు.

కోటలో ఆడవాళ్ళ తెర వెనక ఆమెను కూర్చోబెట్టారు. తెర సందులోంచి కొడుకులిద్దరూ కనిపించారు. చెరో పక్కా బంటు.

"వచ్చారా వైద్యులు! ఇంకా బతికుండగానే వచ్చారు, సంతోషం" అన్నాడు దొర.

తమలపాకు మీద రెండు మాత్రలూ పెట్టారు పానకాల వైద్యులు. దొర ఒకదాన్ని వేలితో చూపించాడు. కోట కట్టుబాటు అది. దొర చూపినది వైద్యుడు అందరి ఎదుటా నమిలి మింగాలి. రెండోది దొరకు.

మామగారు మాత్ర నోట్లో వేసుకున్నారు. రెండో నములుకు దవడ ఆగింది. రెప్పపాటే. ఆ చేదు ఎన్ని గింజల చేదో ఆయన నాలుకకు తెలుసు.

సూరాంబకు అప్పుడు గుర్తొచ్చింది.

ఉమ్మితే విషమంటారు, బంట్లు పిల్లల పక్కనే ఉన్నారు. మింగి రెండోది దొరకు ఇస్తే, ముందే చెడిన ఆ కడుపు నిలవదు. ఆయనకా డెబ్భై దాటాయి.

మామగారు ఆ మాత్రను తీరిగ్గా నమిలి మింగారు. ఉత్తరీయంతో పెదవులు తుడుచుకున్నారు. తెరవైపు చూడలేదు. రెండో మాత్రను ఆకులో మడిచి రొంటిని దోపుకున్నారు.

"ఇది తమకు వద్దు దొరా."

"అదేం? నువ్వు తినేసి నాకు వద్దంటావా? వాతం నాకా, నీకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు.

"నాలుక చాపండి. చూశారా, సున్నం కొట్టినట్టుంది. ఏడ్చేది కాలే గానీ, కొట్టింది కడుపు. మూడు రోజులు లంఖణం. శొంఠి నీళ్ళు, తిప్పతీగ కషాయం. ఇంకేమీ వద్దు."

"లంఖణమా! ఏకాదశులు మీ ఇళ్ళల్లో చేసుకోండయ్యా. వంటశాలలో నాకు జింక ఉడుకుతోంది."

"వైద్యుడు ముందు తిన్నాకే దొర తినాలని గదా ఈ కోట కట్టు. ఈ మూడు రోజులూ నేనిక్కడే తమ పక్కనే ఉంటాను. ఏమీ తినను. కట్టు తప్పుతారా మరి?"

దొర కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వాడు. ఆ ఊపుకు బొటనవేలు కదిలి, నవ్వు కాస్తా "అబ్బా" అయింది.

"సరే ముసలోడా! ఎవరు ముందు ఆకలంటారో చూద్దాం."

పానకాల వైద్యులు తెర దగ్గరకు వచ్చి ఆగారు. నుదుటి మీద అప్పుడే చెమట పట్టింది.

"అమ్మాయీ, నువ్వింటికి పద. జావకు బియ్యం వేయించి ఉంచు" అన్నారు. అంతే.

మూడు రోజులూ ముసురు వదల్లేదు. సూరాంబ బియ్యం వేయించింది. తను ముద్ద ముట్టలేదు. కల్వం వైపు పోలేదు.

నాలుగోనాటి సాయంత్రం దొర పల్లకీ వచ్చి వాకిట్లో ఆగింది. దాని వెనక కొడుకులు నడిచి వచ్చారు. పల్లకీలోంచి మామగారిని ఇద్దరూ చేతులమీద దింపి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. కళ్ళు గుంటలు పడ్డాయి. చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి.

"దొర నడిచాడమ్మా! పొద్దున్నే లేచి వాకిలిదాకా నడిచాడు" అన్నాడు చెన్నుడు. ఒకరి మాటకొకరు అడ్డంపడి చెబుతున్నారిద్దరూ.

"తాతయ్యకే లంఖణం పడలేదు. ఆ మధ్యాహ్నం మొదలు, ఎన్నిసార్లు బయటికి పరిగెత్తాడో లెక్కలేదు" అన్నాడు వల్లభుడు. "దొర ఒకటే నవ్వు, 'ఏం వైద్యుడా, నా రోగం నీకంటుకుందా?' అని."

"తాతయ్యేమన్నాడో తెలుసా? 'పొత్తు లంఖణం గదా దొరా. కష్టం నా వంతు, గుణం మీ వంతు' అన్నాడు."

"మూడోనాడు మాత్రం దొర నవ్వలేదమ్మా. తాతయ్య కళ్ళు తేలేస్తే, తనే కుంటుకుంటూ వచ్చి శొంఠి నీళ్ళు పట్టించాడు. ఆకలి సంగతే మరిచిపోయాడు."

సూరాంబ వింటూ నిలబడింది. ఇంట్లో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మంచం మీద ఉన్నారు.

పిల్లలు నూతి దగ్గరకు వెళ్ళాక ఆమె జావ తెచ్చి, మంచం పక్కన నేలమీద కూర్చుంది. "మామగారూ" అంది.

ఆయన రెండు గుక్కలు తాగి, గిన్నె పక్కన పెట్టమన్నారు. కోపం కోసం ఆమె ఆ ముఖంలో వెతికింది. దొరకలేదు. మందిచ్చి గుణం కోసం రోగులను ఎంత ఓపిగ్గా చూస్తారో, ఆమెనూ అలాగే చూస్తున్నారు.

"ఆ పూట నువ్వు నూరింది ఎవరి నొప్పికి, తల్లీ?" అన్నారు.

బదులు కోసం ఆగలేదు. కళ్ళు మూసుకున్నారు.

నూతి దగ్గర చేద పడిన చప్పుడైంది. వల్లభుడు. ఏదో అని నవ్వాడు వాడి తమ్ముడు. చెన్నుడు. మంచం మీద ఊపిరి నిదానంగా ఆడుతోంది. మామగారు.

ముగ్గురూ ఇల్లు చేరారు. సూరాంబ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.