మొదటి ముద్ద ఎక్కడిది?

ఒక్కదానికి మొహమాటం లేకుండా జవాబు చెప్పండి. కొట్టుకు వెళ్ళి వేరుశనగ పప్పు బస్తా ముందు నిలబడినప్పుడు మీ చెయ్యి ఎంత లోతుకు వెళ్తుంది? వేళ్ళ దాకానా, మణికట్టు దాకానా? పైన నాలుగు పప్పులు తీసి, అరచేతిలో ఊది, పంటి కింద వేసుకుని, "బాగున్నాయి, కట్టెయ్" అనేస్తారు కదూ?

సరిగ్గా అలాగే అనే దొడ్డి ఒకటుండేది.

ఏటిగట్టు పక్కన రెల్లుపాకల దొడ్డి అది. రైతు పొద్దున్నే గడ్డి విదిలించి, తొట్టిలో నీళ్ళు పోసి పొలం పోతాడు. ఆ తర్వాత అక్కడి రాజ్యమంతా జంతువులదే. ఏ పని చేసినా చివరిదాకా చేసే ఎద్దు అప్పన్న, తన పాల గురించి తప్ప మాట్లాడని గేదె నూకాలు, పదకొండు పిల్లల్ని వెంటేసుకు తిరిగే బాతు గవరమ్మ, ఇంకా మేకపోతు వీరభద్రం.

ఈ వీరభద్రానికి ఒక పదవి ఉంది. ఏ కొత్త మేత వచ్చినా మొదటి ముద్ద అతనిదే. అతను నమిలి మింగి, పొద్దు వాలేదాకా నిలబడి ఉంటేనే మిగతావాళ్ళు మూతి పెడతారు. ఆ ఆచారం ఊరికే పుట్టలేదు. అతని తాత కాలంలో గడ్డిమోపులో గన్నేరాకు కలిసొచ్చింది. మొదటి ముద్ద తిన్న ఆ తాత ఒరిగిపోయాడు, మిగతా దొడ్డి బతికిపోయింది. అప్పటినుంచి ఆ వంశానికి ఆ గౌరవం. వీరభద్రం దాన్ని తన గడ్డంతో సమానంగా దువ్వుకుంటూ ఉండేవాడు.

ఆ ఏడు ముసురు పట్టి గడ్డి అంతా కుళ్ళిపోయి, అందరి పొట్టలూ వీపులకు అంటుకున్న రోజుల్లో నక్క శేషావతారం దిగాడు. వీపున గోనెబస్తా, ముఖం నిండా దయ.

"గానుగలో నూనె తీశాక మిగిలిన వేరుశనగ చెక్క. ముద్దకు ముద్దంత బలం. తీసుకోండి."

"మాకెందుకిస్తున్నావు?" అని అడిగాడు అప్పన్న.

"పొరుగువాళ్ళు పస్తుంటే నాకు ముద్ద దిగదు తాతా. ముందు మేకయ్యగారు రుచి చూడాలి సుమా. నియమమంటే నియమమే!"

ఆ మాటకు వీరభద్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నక్క బస్తా మూతి విప్పాడు. మేక ఒక ముక్క అందుకుని కళ్ళు మూసుకుని నమిలాడు.

"కమ్మగా ఉంది," అని తీర్పు చెప్పాడు.

సాయంత్రానికి కూడా అతను గట్టిగానే నిలబడి ఉన్నాడు. "మీకెందుకు శ్రమ," అంటూ నక్క తనే బస్తా మొత్తాన్ని మేత తొట్టిలో బోర్లించి, నీళ్ళు కలిపి, చెక్క చితికేలా తొక్కి ఇచ్చాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు.

"ఇంకోమాట. వానాకాలం కదా, పసివాళ్ళు పోతుంటారు. శవాలు దొడ్డిలో ఉంచకండి, జబ్బు పాకుతుంది. కబురు చెయ్యండి చాలు, ఏటికవతల పాతిపెట్టి వస్తాను."

ఎంత మంచివాడో అని నూకాలు కళ్ళు తుడుచుకుంది.

రెండో బస్తా వచ్చేసరికి గవరమ్మ పిల్లల్లో ఒకటి తినడం మానేసింది. తర్వాత కుంటింది. తర్వాత లేవలేదు. నక్క వచ్చి తల వంచుకుని దాన్ని నోట కరుచుకుపోయాడు. మూడో బస్తాకి ఇంకో రెండు. గవరమ్మ మిగిలిన ఎనిమిది పిల్లల కాళ్ళ వైపు చూసింది. పసుపుపచ్చగా ఉండాల్సిన వేళ్ళ మధ్య తోలు నేరేడుపండు రంగుకు తిరుగుతోంది.

ఆమె ముందు మేక దగ్గరికే వెళ్ళింది.

"బాబాయ్, ఆ చెక్కలో ఏదో ఉంది."

"ఏముంది? నేను తిన్నాను. చూడు, కొండలా ఉన్నాను."

"నువ్వు కొండలా ఉన్నావు. నా పిల్లలు పోతున్నారు."

"అయితే అది వాన జబ్బు. అమ్మాయ్, మూడు తరాలుగా మా నోరు తప్పు చెప్పలేదు."

"నీ నోరు తప్పు చెప్పిందనలేదు..."

"మరి ఏమంటావు?"

ఆమె అక్కడి నుంచి అప్పన్న దగ్గరికి వెళ్ళింది. అతను నెమరేయడం ఆపకుండా మొత్తం విన్నాడు.

"నీకు అనుమానం ఉంది, రుజువు లేదు. పిల్లల్ని తొట్టికి దూరంగా పెట్టి చూడు," అన్నాడు.

"రేపటి నుంచి గట్టు కింద నత్తలే పెడతాను. కోలుకుంటే చెక్కదే తప్పని తేలినట్టే కదా?"

"తేలదు. నక్క వచ్చి నత్తల బలంతో కోలుకున్నారంటాడు, చెక్కకేం సంబంధం అంటాడు. అప్పుడేం చెబుతావు?"

గవరమ్మకు కోపం వచ్చింది. "సగం పిల్లలకు నత్తలు, సగానికి ఆ చెక్క పెట్టమంటావా? విషమని అనుమానమున్నదాన్ని నా చేత్తో నా బిడ్డ నోట్లో పెట్టమంటావా తాతా?"

"అననే. తగువు తెగడానికి ఏం కావాలో చెప్పాను, అంతే. ఎవరు తినాలో చెప్పలేదు."

గవరమ్మ చాలా మామూలుగా అంది. "సరే. నత్తలు అందరమూ తింటాం. నీళ్ళు అందరివీ ఒకటే. చెక్క మాత్రం నేనొక్కదాన్నే తింటాను."

ఈసారి అప్పన్న నెమరు ఆగింది.

పది రోజులు అలాగే నడిచింది. పొద్దున్నే పిల్లల్ని గట్టు కిందకు దింపి, వాటితోపాటు నత్తలు ఏరుకు తిని, వెనక్కి వచ్చి తొట్టిలో మూతి పెట్టేది. మొదటి మూడు రోజులూ ఏమీ కాలేదు. నూకాలు నవ్వింది. "ఏమే గవరా, పిల్లలకు గంజి, నీకు పాయసమా?" ఐదో రోజుకు పిల్లలు నీళ్ళలో మునిగి తేలడం మొదలుపెట్టాయి. ఏడో రోజుకు గవరమ్మ గుడ్డు పెట్టడం మానేసింది. తొమ్మిదో రోజు నత్తను చూస్తే డోకొచ్చింది. పదో రోజు పిల్లలు ఎనిమిదీ అరుచుకుంటూ గట్టెక్కి వచ్చేస్తే, తల్లి గట్టు మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది.

అప్పన్న తనే దిగి వెళ్ళి ఆమె కాళ్ళు చూశాడు. నేరేడు రంగు.

"ఇక చాలు, మానెయ్. తేలిపోయింది," అన్నాడు మెల్లగా. "అదే ఏరు, అవే నత్తలు. తేడా చెక్క ఒక్కటే."

"తేలలేదు తాతా. బాబాయ్ కూడా అదే చెక్క తిన్నాడు. ఆయనకేం కాలేదు. ఎందుకు?"

"పెద్ద ఒళ్ళు, ఒక్క ముద్ద. తట్టుకున్నాడేమో."

"అదొకటి. ఇంకోటి కూడా ఉంది." ఆమె కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. మూడు బస్తాలు, మూడుసార్లు మొదటి ముద్ద. "తాతా, ఆయన ముద్ద ఎప్పుడూ ఎక్కడిది?"

"మూతి దగ్గరిది."

"అడుగుది ఎవరన్నా చూశామా?"

ఎవరూ చూడలేదు. అడుగుదాన్ని శేషావతారమే పోశాడు, శేషావతారమే నీళ్ళు కలిపాడు, శేషావతారమే తొక్కాడు.

మర్నాడు అతను నాలుగో బస్తాతో వచ్చేసరికి దొడ్డి మొత్తం తొట్టి చుట్టూ నిలబడి ఉంది. నక్క బస్తా దించి, గొంతు బరువు చేసుకుని అడిగాడు.

"ఈసారి... ఎంతమంది?"

"ఎవరూ పోలేదు అన్నగారూ," అంది గవరమ్మ.

"ఎవరూ?" అతని ముఖం ఒక్క క్షణం ఖాళీ కంచంలా అయిపోయింది. వెంటనే సర్దుకున్నాడు. "చల్లని మాట చెప్పావు చెల్లీ! రండి మేకయ్యగారూ, మొదటి ముద్ద."

వీరభద్రం ముందుకొచ్చాడు. బాతు కుంటుకుంటూ వెళ్ళి బస్తాకూ అతనికీ మధ్య నిలబడింది.

"ముద్ద బాబాయిదే. కాదనను. ఈసారి బస్తా అడుగు విప్పుదాం."

"అడుగా?" నక్క నవ్వాడు. "బస్తాకు మూతి ఎందుకు పెట్టారమ్మా మరి?"

"పోసేవాళ్ళ కోసం. తినేవాళ్ళకు ఎటువైపైనా ఒకటేగా?"

మేక గడ్డం అదిరింది. "అంటే ఇన్నాళ్ళూ నేను తప్పుడు సాక్ష్యం చెప్పానంటావు!"

"లేదు బాబాయ్. నువ్వు తిన్నదాని గురించి నిజమే చెప్పావు. మేము దాన్ని నువ్వు తినని దానికి కూడా అంటగట్టాం. తప్పు మాది."

తన తాత ఒరిగిపోయింది ఎవరికోసమో గుర్తొచ్చిందేమో, వీరభద్రం బస్తాను తనే తలతో పొడిచి పక్కకు దొర్లించాడు. అప్పన్న కొమ్ము కుట్టులో దూర్చి ఒక్క లాగు లాగాడు. పురికొస పటపట తెగింది.

అడుగునుంచి రాలింది చెక్కలా లేదు. పాచి పట్టిన గోడ పెళ్ళలు ఊడిపడ్డట్టు ఆకుపచ్చగా, మధ్యమధ్య బూడిదరంగు నూగుతో గడ్డలు గడ్డలుగా ఉంది. తడిసిన వాసన తొట్టి దాకా వచ్చింది. మూతి దగ్గర మాత్రం ఒక బెత్తెడు మందాన బంగారంలాంటి చెక్క.

నూకాలు తన దూడ వైపు చూసింది. నెల రోజులుగా దాని పక్కటెముకలు ఎందుకు లెక్కకొస్తున్నాయో ఆమెకు అప్పుడు తట్టింది. "నేను తిన్నది... నా పాలల్లోకి కూడా వెళ్తుందా?"

"వెళ్తుంది అక్కా," అంది గవరమ్మ. "ఆ పాలు దూడే కాదు, రైతు ఇంట్లో పసిపిల్ల కూడా తాగుతోంది."

నక్క ఇంకా తడబడలేదు. "ముసురు కదా, కాస్త చెమ్మ తగిలింది. దానికింత రాద్ధాంతమా? ఎండలో పరిస్తే బూజు రాలిపోతుంది. కాదంటే ఉడకబెట్టుకోండి."

"బూజు రాలుతుంది అన్నగారూ. అది లోపల వదిలిన విషం రాలదు, ఉడికినా చావదు. గానుగవాళ్ళు పారేసిందాన్ని ఏరుకొచ్చి, పైన నాలుగు మంచి ముక్కలు సర్ది మాకు పెట్టారు."

"ఎందుకు పెడతాను? నాకేం లాభం? ఒక్క గింజ అడిగానా మిమ్మల్ని?"

"అడగలేదు. అదే పది రోజులు ఆలోచించాను. ఏమీ అడగకుండా పెట్టేవాడికి ఏం దొరుకుతోందా అని." ఆమె గొంతు పెంచలేదు. "నా ముగ్గురు పిల్లల్ని పాతిపెట్టిన చోటు చూపించండి. రెండు పువ్వులు పెట్టి వస్తాను."

శేషావతారం నాలుకతో పెదవి తడుపుకున్నాడు.

"ఏరు... ఏరు పొంగి కొట్టుకుపోయాయి గోతులు."

"పోనీ, ఈ అడుగు ముక్క ఒకటి మీరు తినండి. మొదటి ముద్ద ఈసారి మీదే."

"నేను మాంసం తినేవాణ్ణమ్మా! పిండీ చెక్కా నాకు పడవు."

"పడలేదని కనిపిస్తూనే ఉంది. మీరు చెక్క తినలేదు నిజమే. చెక్క తిన్నవాళ్ళను తిన్నారు. వాళ్ళ కాలేయంలో చేరిన విషం ఎక్కడికి పోతుందనుకున్నారు? ఆ నీళ్ళ తొట్టిలో ఒకసారి ముఖం చూసుకోండి."

నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే కళ్ళు తొట్టి వైపు వెళ్ళాయి. నీళ్ళలో నక్క కనిపించాడు. కళ్ళ తెల్లగుడ్డు పసుపు నీళ్ళలో ముంచినట్టు ఉంది. పెదవి ఎత్తి చూసుకున్నాడు, చిగుళ్ళూ అంతే. ఈమధ్య ఆకలి చచ్చిపోవడం, మిట్ట ఎక్కితే ఆయాసం రావడం, వెంట్రుకలు కుచ్చులుగా ఊడడం, ఇన్నాళ్ళూ వయసని సరిపెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇది... తగ్గుతుందా?" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో నటన లేదు.

"నాకు తెలీదు. నాకైతే మానేశాను కాబట్టి తగ్గుతుందని తాత అంటున్నాడు. మీరూ మానేసి చూడండి," అంది గవరమ్మ.

నక్క తోక నేలకు ఈడ్చుకుంటూ గట్టు దిగి వెళ్ళాడు. వెంటపడి తరుముదామని నూకాలు అంది గానీ, అప్పన్న అక్కర్లేదన్నాడు. అతను మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నాడో అందరూ చూస్తూనే ఉన్నారు.

ఆ బస్తాను దూరంగా గొయ్యి తీసి పూడ్చారు. ఈసారి నిజంగానే పూడ్చారు. తొట్టిని రుద్ది రుద్ది కడిగారు. గవరమ్మ కాళ్ళకు మళ్ళీ పసుపు రంగు రావడానికి నెలన్నర పట్టింది. గుడ్డు పెట్టడానికి ఇంకా ఎక్కువే పట్టింది. పోయిన ముగ్గురూ మాత్రం తిరిగి రాలేదు. పిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు చాలాకాలం ఆమె నోరు పదకొండు దాకా పోయి ఆగేది.

వీరభద్రం పదవి పోలేదు. అతనిప్పుడు మేత తిని చెప్పడు. బస్తా వస్తే ముందు పళ్ళతో అడుగు కుట్టు విప్పుతాడు, తర్వాత పక్క కుట్టు, చివరికి మూతి. మూడు చోట్ల నుంచీ తీసినది ఎండలో పరిచి అందరినీ పిలుస్తాడు. గడ్డం మాత్రం అలాగే దువ్వుకుంటాడు.

నీతి: పైపై రుచిని నమ్మి అడుగు చూడనివాడికి జరిగే మోసంలో వాడి చెయ్యి కూడా ఉంటుంది.

కాబట్టి విన్నవాళ్ళందరికీ ఒకే ఒక్క పని. ఇప్పుడే లేవండి. వంటింట్లో పల్లీల డబ్బా, అదే బూజు పట్టే మిరపకాయల డబ్బా కాగితం మీద బోర్లించండి. నూగు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకున్నవి కనిపిస్తే ఏరి దాచుకోకండి, కోళ్ళకు వెయ్యకండి, పశువుకు పెట్టకండి, పారేయండి. రేపు కొట్టుకు వెళ్ళినప్పుడు చెయ్యి మోచేతి దాకా దించండి. కొట్టువాడు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి, బస్తా అడుగు విప్పి చూపించమనండి.